పడ్డంక ఒప్పే

మొన్న ముసురు నాలుగు రోజులు పట్టి వదిలాక, కాస్త ఎండ మొహం చూసిన పూట, సుబేదారిలో మా ఇంటి అటక మీది రేకు పెట్టె దింపించి అందులోని జంపఖానాను బయటికి తీశాను. మడత విప్పగానే ముందు డాంబరు గోళీల ఘాటు ముక్కుకు కొట్టింది. దాని వెనక చెమ్మ పట్టిన పాత నూలు వాసన, ఇంకా వెనక, ముక్కు ఆనించి కళ్ళు మూసుకుంటే తప్ప అందనంత లోపల, గంజి వాసన, ఉడికే రంగు వాసన, మా బాపు అరచేతుల వాసన. ముదురు ఎరుపు నేల, నల్లటి అంచు, ఆ అంచు పొడవునా తెల్లటి చిన్న ఇటుకల వరస, ప్రతి ఇటుకలో నల్లటి చుక్కలు. చూసినవాళ్ళు ఏదో కొత్త రకం డిజైను అనుకుంటారు. నిజానికి అది ఒక ఆట. నలభై ఏళ్ళకు పైబడి కిందట మా ఇంటి వసారాలో నేను గెలిచిన ఆట, మొదటి బిళ్ళ నుంచి చివరి బిళ్ళ దాకా నూలులో అలాగే పడి ఉంది. పిట్టగోడ మీద ఆరవేసి దులుపుతుంటే ఈసారి అంచులో ఒకచోట నా చెయ్యి ఆగిపోయింది. ఎందుకు ఆగిందో చెప్పాలంటే ముందు ఆ ఆట పెట్టె సంగతి చెప్పాలి, పెట్టె కన్నా ముందు సుగుణ సంగతి చెప్పాలి.

సుగుణ మా పెద్దబాపు బిడ్డ, నాకన్నా ఏడాది పెద్దది. పెద్దబాపు పోయాక ఆమె, వాళ్ళమ్మ మాతోనే ఉండిపోయారు. డెబ్బైల చివర్లో కొత్తవాడలో మా ఇల్లంటే మూడు మగ్గాలు, వాటి మధ్య మిగిలిన జాగాలో మనుషులు. తెల్లవారకముందే గంజి కాగే వాసన, గల్లీకి అడ్డంగా కట్టిన వెదురు మీద ఆరుతున్న ఎర్ర నూలు, నీలం నూలు, దాని కింది నుంచి వంగి నడిచే మనుషుల నెత్తుల మీద పడే రంగు చుక్కలు, ఇంటింటి నుంచీ ఒకే వరసలో వినిపించే మగ్గాల దెబ్బ. ఆ దెబ్బ ఆగితే పడుకున్న పసిపిల్లలు లేచి ఏడ్చేవాళ్ళు. మా బాపమ్మ గడప పక్కన కూర్చుని తమలపాకు నములుతూ, ఎవరి మగ్గం ఎప్పుడు ఆగిందో వినే చెప్పేది.

సుగుణ ఐదో తరగతితో బడి మాని వాళ్ళమ్మ పక్కన కండెలు చుట్టడానికి కూర్చుంది. నేను బడికి పోయేదాన్ని. చూసేవాళ్ళకు అదృష్టం నాదే. కానీ ఆ ఇంట్లో నాకు దక్కనివన్నీ సుగుణకే దక్కుతున్నట్టు ఉండేది. బతుకమ్మ పండుగకు నేను గునుగు పూలు తెంపి, రంగులద్ది, వేళ్ళు కోసుకుని పేర్చిన బతుకమ్మ సాయంత్రానికల్లా ఒక పక్కకు ఒరిగేది, ఆమెది తాంబాలంలో నిట్టనిలువుగా నిలిచేది. సద్దుల నాడు నువ్వుల సద్ది, పల్లి సద్ది, పెరుగు సద్ది పంచి, చివరికి రొట్టె, బెల్లం నలిపి చేసిన మలీద ముద్దలు పెడుతున్నప్పుడు బాపమ్మ చెయ్యి ఆమె దగ్గరికి వచ్చేసరికి పెద్దదయ్యేది. ‘తండ్రి లేని పిల్ల’ అనేది. నాకు తండ్రి ఉండటం వల్ల మలీద తగ్గుతున్నదని లోలోపల కుళ్ళిపోయేదాన్ని. ఒకసారి ఆమె ముద్దను, నా ముద్దను రెండు చేతుల్లో పెట్టుకుని తూచి చూశాను కూడా.

అందుకే నేను లైబ్రరీని పట్టుకున్నాను. చౌరస్తా దాటాక, మిద్దె మీద రెండు గదులు, నాలుగు బల్లలు, ఎప్పుడూ కిర్రుమనే ఒక ఫ్యాను. ఆదివారం పొద్దున తలుపు తీసేసరికి మెట్ల మీద నేనుండేదాన్ని. ఏం చదవాలో చెప్పేవాళ్ళు లేరు కనుక బీరువాలో ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోయాను. వ్యవసాయం, హోమియో వైద్యం, తేనెటీగల పెంపకం, దేశదేశాల జెండాలు. మా బాపు నేసే జంపఖానాలను శత్రంజీలనీ అంటారు, వాటికి ఆ పేరు చదరంగం గళ్ళ నుంచి వచ్చిందని అక్కడే చదివి, పరుగున ఇంటికొచ్చి చెప్తే, ఆయన మగ్గంలో నాడె ఆడించడం ఆపకుండానే ‘అట్లనా’ అన్నాడు. ఆ ఒక్క మాటే. అదే రోజు సుగుణ అంచులో ఒక పోగు తప్పిందని దూరం నుంచి చూసి చెప్తే మగ్గం ఆపి, దిగి, దాని నెత్తి మీద చెయ్యి పెట్టాడు.

ఆ దసరాకు సుగుణ మేనమామ భీవండి నుంచి వచ్చాడు. అక్కడ పవర్‌లూముల్లో పని ఆయనకు. మేనకోడలికి లంగా గుడ్డతో పాటు ఒక చెక్క పెట్టె తెచ్చాడు. జరుపుడు మూత. లోపల ఇరవై ఎనిమిది తెల్లటి బిళ్ళలు, ఒక్కొక్కటీ బొటనవేలంత. ప్రతి బిళ్ళకూ నడుమ గీత, గీతకు అటూ ఇటూ నల్లటి చుక్కలు, కొన్ని బోసిగా, కొన్ని ఆరు దాకా. మేనమామకు తెలిసిందల్లా చుక్కల లెక్కకు అదే లెక్క కలుపుతూ వరసగా పేర్చాలని. ‘మిగిలింది కాయితంల రాసుంటది’ అని చేతులు దులుపుకుని పోయాడు. కాయితం ఇంగ్లీషులో ఉంది, ఆవగింజలంత అక్షరాలతో. ఇంట్లో ఇంగ్లీషు అక్షరాలు వచ్చింది నాకొక్కదానికే. పెట్టె సుగుణది, కాగితం నాది. నా బాల్యంలో అంత సంతోషపడ్డ రోజు ఇంకొకటి లేదు.

లైబ్రరీలో ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు ఒకటి ఉండేది, అట్ట ఊడి, నూలుతాడుతో కట్టి. నాలుగు ఆదివారాలు దాని ముందు కూర్చుని ఆ కాగితాన్ని మాట మాటగా విప్పాను. ‘పిప్’ అంటే బత్తాయిలాంటి పండ్లలోని గింజ అని ఉంది. కాబట్టి మా ఇంట్లో చుక్కలు గింజలయ్యాయి. ‘టర్న్’ అంటే తిరుగుట అని ఉంది. ఆటగాడు తన టర్నులోనే బిళ్ళ తీసుకోవాలని రాసి ఉంటే, బిళ్ళ తీసే ముందు నిలబడి ఒక చుట్టు తిరగాలని తీర్పు చెప్పాను. పది రోజులు అందరం తిరిగాం. సుగుణ లంగా గొడుగులా విప్పారేలా తిరిగేది, అందులో కూడా నాకన్నా బాగుండేది. తర్వాత ఇంకో ఆదివారం ఆ మాటకే ‘వంతు’ అన్న అర్థం కింది వరసలో దొరికింది. తప్పు ఒప్పుకోకుండా, ‘ఇగ నుంచి తిరుగుడు అక్కర లేదు, అది చిన్నపిల్లల ఆటకు’ అని చెప్పాను.

పంచగా మిగిలిన బిళ్ళలను బోర్లించి పెట్టే కుప్పను ఆ కాగితం ‘బోన్‌యార్డ్’ అంది. ఎముకల దొడ్డి. ఆలోచిస్తే అర్థం ఒక్కటే కనిపించింది, శ్మశానం. ఆ రోజు నుంచి మా వసారాలో ‘నీకు పడుత లేదా, బొందలగడ్డ నుంచి తీస్కో’ అన్న మాట మోగసాగింది. మూడో రోజు బాపమ్మ చీపురు పట్టుకుని వచ్చింది.

‘ఎవలే ఇంట్ల గూసోని పొద్దుగాల్నే బొందలగడ్డ బొందలగడ్డ అంటాంది?’

‘పుస్తకంల అట్లనే ఉన్నది బాపమ్మా’ అన్నాను.

‘పుస్తకం రాసినోని నోట్ల మన్ను వడ. ఇంకోపాలి ఆ మాటంటే మీ బిళ్ళలు పొయ్యిల వెడుత.’

అప్పటి నుంచి బాపమ్మ వినేటట్టుంటే ‘గడ్డ’ అని మాత్రమే అనేవాళ్ళం.

అన్ని నియమాల్లోకీ మా ఇంట్లో పేరు పడింది ఒకటుంది. ఎవరైనా తప్పు బిళ్ళ పెడితే, తర్వాతి బిళ్ళ పడకముందే పట్టుకోవాలి. పడ్డాక ఆ తప్పు తప్పు కాదు, అలాగే నిలబడుతుంది. దాన్ని నేను ‘పడ్డంక ఒప్పే’ అని తెలుగు చేశాను. ఆ మాట ఆట దాటి ఇల్లంతా పాకింది. పులుసులో ఉప్పు ఎక్కువైతే అమ్మ గిన్నె దించి ‘పడ్డంక ఒప్పే’ అనేది. రంగు ముదురైతే బాపు కూడా అదే అనేవాడు, నవ్వుతూ. నా మాట ఆయన నోట్లో విన్నప్పుడల్లా నాకు మలీద ముద్ద పెద్దది దొరికినట్టుండేది.

కానీ గెలిచేది సుగుణే. నియమాలన్నీ నేను చెప్పేదాన్ని, ఆట ఆమె గెలిచేది. ఏ బిళ్ళలు పడ్డాయో, ఏవి నా చేతిలో మిగిలి ఉండాలో ఆమెకు తెలిసిపోయేది. ఎట్లా అంటే, ‘ఏమో, కండ్లకు అవుపడుతది’ అనేది. నేను పలక మీద లెక్క రాసుకుని ఆడినా ఓడేదాన్ని.

మరుసటి ఏడు వానలు విడవకుండా పట్టాయి. మగ్గం గుంటల్లో ఊట వచ్చింది. మోకాళ్ళ లోతు నీళ్ళు తోడి పోస్తే తెల్లారేసరికి మళ్ళీ అంతే. కొత్తవాడ మొత్తం దెబ్బ ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో పెంకుల మీద వాన చప్పుడు, బొగ్గుల మీద మక్కకంకులు చిట్లే చప్పుడు, మా బిళ్ళల టకటక. పని లేని బాపు వచ్చి మా పక్కన గొంతుక్కూర్చుని చూడసాగాడు. మూడో రోజు సుగుణ వరసగా నాలుగు ఆటలు గెలిచాక, బాపమ్మ వైపు తిరిగి, ‘సుగుణది నేత కన్ను అవ్వా. మా అన్న కన్ను’ అన్నాడు.

నాకు ఏ కన్నుందో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఆ రాత్రి అన్నం తినలేదు. కడుపు నొప్పి అని చెప్పాను.

మర్నాడు బాపే ఒక మాటన్నాడు. ‘వానలు తగ్గినంక ఇంట్లకు ఒక జంపఖానా నేత్త. అమ్మేది గాదు, మనదే. ఇయ్యాల గెలిచినోళ్ళు అంచు ఏం పెట్టాల్నో చెప్పాలె. నేసినన్ని దినాలు నా పక్కన గూసోని పోగులు అందియ్యాలె.’ సరదాకే అన్నాడు. కానీ ఆయన పక్కన, మగ్గం పీట మీద, ఆయన మోచెయ్యి తగిలేంత దగ్గర కూర్చోవడం అనేది నాకు ఆ క్షణం నుంచి లోకంలో ఇంకేదీ అక్కర్లేనంత అయింది.

ఆట చివరికి వచ్చింది. నా చేతిలో రెండు బిళ్ళలు, సుగుణ చేతిలో రెండు. వరస ఒక చివర ఐదు గింజలు, ఇంకో చివర బోసి. నా దగ్గర ఐదూ లేదు, బోసీ లేదు, గడ్డలో తీసుకోవడానికి బిళ్ళలూ మిగల్లేదు. నేను ఆరు–రెండు బిళ్ళ తీసి, ఆరు వైపును ఐదుకు ఆనించి పెట్టాను. తెలిసే పెట్టానా అని అడిగితే ఇప్పటికీ గట్టిగా చెప్పలేను. మబ్బు పట్టి ఉంది, గింజలు అరిగి ఉన్నాయి. సుగుణ వెంటనే తన రెండు–నాలుగు తీసి నా బిళ్ళ పక్కన ఆనించింది. ఆనించి, వేలు దాని మీద ఉంచే, వెనక్కి వరస మొత్తం కళ్ళతో తడిమింది.

‘ఆగు చెల్లె. అది ఆరు. ఐదుకు ఆరు వెట్టినవ్.’

‘పడ్డంక ఒప్పే’ అన్నాను.

‘నా బిళ్ళ ఇంక పడలె. చెయ్యి తియ్యలె సూడు.’

‘తియ్యకుంటేంది, పెట్టినవ్ గదా.’

‘ఇగ షురువైంది. కోడిపుంజులు నయం మీకన్నా’ అంది బాపమ్మ.

బాపు చెయ్యెత్తి మమ్మల్ని ఆపాడు. ‘లొల్లి వద్దు. కాయితం తియ్యి బిడ్డా. అందుల ఎట్లుంటె అట్ల.’

కాగితం మడత విప్పాను. ఆ నియమం ఎక్కడుందో నాకు వెతకక్కర్లేదు. చివరి మడతలో, అడుగున. చెయ్యి తీశాకే బిళ్ళ పడ్డట్టు లెక్క. కిందటేడే దాన్ని విప్పాను, అవసరం రాలేదని ఎవరికీ చెప్పలేదు. సుగుణ వేలు ఇంకా బిళ్ళ మీదే ఉంది, గోరు కింద నీలం రంగు. నేను ఆ ఇంగ్లీషు వాక్యాన్ని బడిలో పద్యం చదివినట్టు పైకి చదివాను. చదివి, అర్థం చెప్పాను.

‘తాకితే పడ్డట్టే అని ఉన్నది బాపూ.’

‘చెయ్యి తియ్యకున్నా?’

‘ఆఁ. తాకితే చాలు.’

సుగుణ నా వంక చూడలేదు. నా చేతిలోని కాగితం వంక చూసింది, అటు నుంచి ఆమెకు అది తలకిందులుగా ఉండి ఉంటుంది. మెల్లగా వేలు ఎత్తేసింది. ‘కాయితంల ఉంటే ఉన్నట్టే’ అన్నాడు బాపు. నా చివరి బిళ్ళ నాలుగుకు సరిపోయేదే. పెట్టాను. గెలిచాను. వరసను ఎవరూ చెరపకముందే, ‘అంచుకు ఈ ఆటే నెయ్యి బాపూ’ అన్నాను. ఆయన తల ఊపి, వరసను ఉన్నదున్నట్టు గోడ మీద బొగ్గుతో గీసుకున్నాడు. కాసేపాగి, ఆయన ఒక్కడే ఉన్నప్పుడు పోయి, ‘ఆ ఒక్క బిళ్ళ మాత్రం సరిచేసి నెయ్యి’ అన్నాను. ‘సరే తియ్యి’ అన్నాడు.

వానలు వెలిశాక గుంట ఆరింది. బాపు బిళ్ళలు, గింజలు గళ్ళ కాగితం మీద గీయించడానికి పెట్టెను కాగితంతో సహా చేనేత సొసైటీకి పట్టుకుపోయి తెచ్చుకున్నాడు. మగ్గం ఎక్కాక నేను ఆయన పక్కన కూర్చున్నాను. రెండు రోజులు. ఆయన మోచెయ్యి తగిలింది, చెమట వాసన వచ్చింది, అన్నీ అనుకున్నట్టే ఉన్నాయి. కానీ నేను తప్పు పోగు అందిస్తుంటే ఆయన ఏమీ అనకుండా సరిచేసుకునేవాడు, ఆ అనకపోవడం నాకు కుట్టేది. మూడో రోజు ఆదివారం. లైబ్రరీకి పోయాను. తిరిగొచ్చేసరికి పీట మీద సుగుణ కూర్చుని ఉంది, అంచు జానెడు పెరిగి ఉంది. మళ్ళీ నేను ఆ పీట అడగలేదు. సద్దుల బతుకమ్మ నాడు ఆ జంపఖానా పరిచి అందరం మలీద తిన్నాం. ‘నీ అంచు మంచిగొచ్చిందే’ అన్నారంతా. నేను దాని వైపు సరిగా చూడలేదు.

ఆ తర్వాత కూడా ఇంటికి ఏ ఉత్తరం వచ్చినా, దవాఖానలో ఏ చీటీ ఇచ్చినా బాపు నా దగ్గరికే తెచ్చేవాడు. పక్కనే ఇంగ్లీషు వచ్చిన వాళ్ళున్నా, ‘మా బిడ్డ చదువుతది’ అని ఆగేవాడు. నేను చెప్పిన ప్రతి మాటకూ తల ఊపేవాడు. తను చనిపోయే ఏడు మందు సీసా మీది అక్షరాలు కూడా నాచేతనే చదివించుకున్నాడు.

మొన్న పిట్టగోడ మీద నా చెయ్యి ఆగింది ఆ చోటే. నా వేలు ఒక తెల్లటి ఇటుక మీద ఉంది. గింజలు లెక్కపెట్టాను. ఐదు. పక్క దానివి లెక్కపెట్టాను. ఆరు. మళ్ళీ లెక్కపెట్టాను. మిగిలిన వరసంతా చుక్కకు చుక్క సరిగ్గా కలిసింది. పోగు తప్పితే మగ్గం దిగే మనిషి ఇంత తప్పు పొరపాటున నెయ్యడు.

పరకాలలో ఉన్న సుగుణకు ఫోన్ చేశాను. మోకాళ్ళ నొప్పులు, మనవల పరీక్షల ముచ్చట్లు అయ్యాక, ‘అక్కా, జంపఖానల ఐదు పక్కకు ఆరున్నదే’ అన్నాను.

అటు నుంచి నవ్వింది. ‘ఇన్నేండ్లకు సూసినవా చెల్లె.’

‘నేను సరిచెయ్యమన్న గదా.’

‘నేను ఐదు పోగులే అందిత్తాన. చిన్నబాపే, ఆరే ఇయ్యి బిడ్డా, ఎట్ల పడ్డదో అట్లనే రావాలె అన్నడు.’ మళ్ళీ తనే అంది. ‘గింజలు గీయిద్దామని సొసైటీకి పట్కపోయిండు సూడు, ఆడ గుమస్తా ఊకెనే కాయితం మొత్తం సదివి ఇనిపిచ్చిండట. చెయ్యి తీత్తెనే పడ్డట్టని ఉన్నదట గదా.’

నేను వేలితో ఆ ఆరు చుక్కలను మళ్ళీ తడిమాను.

‘నాతోని ఒట్టు వేయించుకున్నడు, దానికి చెప్పకు, సదువుకునే పిల్ల, చిన్నబోతది అని. గిప్పుడు నువ్వే అడిగితివని చెప్పిన.’

‘ఇంకేమన్నడు?’

‘ఇంకేమంటడు. పడ్డంక ఒప్పే అన్నడు. నవ్విండు.’

ఫోన్ పెట్టేసి చాలాసేపు ఆ అంచు దగ్గరే నిలబడ్డాను. కొత్తవాడలో మా ఇంటి జాగాలో ఇప్పుడు మూడంతస్తుల మేడ ఉంది. మగ్గాల దెబ్బ ఎక్కడో ఒకటీ అరా తప్ప వినిపించదు, అది ఆగిందని లేచి ఏడ్చే పిల్లలూ లేరు. నూలుతాడు కట్టిన నిఘంటువు ఏమైందో తెలియదు. చెక్క పెట్టె సుగుణ పెళ్ళితో పరకాల పోయి, బిళ్ళలు ఒక్కొక్కటే ఆమె పిల్లల చేతుల్లో పోయాయి. పూర్తి ఆట మిగిలింది ఈ నూలులోనే, నా తప్పుతో సహా. ఆయన నన్ను క్షమించాడని సంతోషపడాలి, అబద్ధం చెప్పినందుకు సిగ్గుపడాలి. ఆ రెండూ ఉన్నాయి, లేవని అనను. కానీ జంపఖానా మడతపెడుతుంటే నన్ను వదలనిది వేరే. ఆ మాట నాది, నేను తెలుగు చేసింది. దాన్ని అని ఆయన నవ్వినప్పుడు పీట మీద పక్కన కూర్చున్నది సుగుణ. ఆ నవ్వు ఎట్లుందో దానికి తెలుసు.